సైట్ పెట్టాం, గూగుల్లో కనపడట్లేదు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, అంటే వాట్సాప్ మెసేజీలే లెండి, సగానికి పైగా ఒకటే గోల. వెబ్‌సైట్ కట్టించాం, గూగుల్లో రావట్లేదు, వచ్చినా ఫోన్ మోగట్లేదు అని. కొన్ని కుదించి, ఒకేలా ఉన్నవి కలిపేసి ఇస్తున్నా. షాపుల పేర్లు తీసేశాను, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాది ఆత్రేయపురంలో పూతరేకుల షాపండి, నాన్నగారి టైం నుంచీ ఉంది. మా బావమరిది ఫ్రెండ్ చేత వెబ్‌సైట్ చేయించాం. నాలుగు నెలలైపోయింది, పూతరేకులు అని కొడితే మాది ఎక్కడా లేదు. ఆఖరికి మా షాపు పేరు కొట్టినా రావట్లేదండి. ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?

జవాబు: ఆగితే వచ్చేది కాదండి ఇది. పూతరేకులు అని కొడితే రాకపోవడం వేరు, సొంత షాపు పేరు కొట్టినా రాకపోవడం వేరు. మొదటిది పోటీ. 2023లో జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చాక ఆ మాట మీద ఎన్ని షాపులు, ఎన్ని యాప్‌లు, ఎంతమంది యూట్యూబ్ వాళ్లు ఉన్నారో మీకే తెలుసు. రెండోది మాత్రం పోటీ కాదు, మీ సైట్ అసలు గూగుల్ లెక్కలోకే ఎక్కలేదని అర్థం.

ముందు ఇది చూడండి. గూగుల్లో సైట్ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన కోలన్ అంటే రెండు చుక్కల గుర్తు పెట్టి, ఖాళీ వదలకుండా మీ వెబ్‌సైట్ అడ్రస్ కొట్టండి. మీ పేజీలు వరసగా వస్తే లెక్కలో ఉన్నట్టే. ఏమీ రాకపోతే నాకు మొదటి అనుమానం ఒక చిన్న టిక్కు మీద. వర్డ్‌ప్రెస్‌లో సైట్ కట్టేటప్పుడు, పని పూర్తి కాకుండా జనం చూడకూడదని సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట 'సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దు', అంటే లెక్కలోకి తీసుకోవద్దు, అనే అర్థం వచ్చే బాక్సులో టిక్కు పెడతారు. పనయ్యాక తీయడం మర్చిపోతారు. అంతే, అది ఉన్నన్నాళ్లూ మీరు ఎన్ని నెలలు ఆగినా ఫలితం ఉండదు. బావమరిది ఫ్రెండ్‌ని అడిగి ముందు ఆ టిక్కు సంగతి తేల్చుకోండి.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒకటుంది, ఫ్రీ, మీ జీమెయిల్‌తోనే తెరుచుకోవచ్చు. సైట్ మీదేనని రుజువు చేసుకోమంటుంది, డొమైన్, అంటే మీ సైట్ పేరు, కొన్న చోట ఒక లైన్ అతికించాలి, అది ఆ అబ్బాయి పది నిమిషాల్లో చేస్తాడు. అందులో మీ పేజీ అడ్రస్ ఇచ్చి ఇండెక్స్ చేయమని అడగొచ్చు, ఏ పేజీ ఎందుకు ఎక్కలేదో కారణం కూడా చూపిస్తుంది. చాలామంది డబ్బులు పోసి ఏవేవో టూల్స్ కొంటారు గానీ ఈ ఫ్రీది మాత్రం తెరిచి చూడరు, నాకదే అర్థం కాదు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఇంకో రెండు కనపడ్డాయి. ఒకటి, మీ మొదటి పేజీ టైటిల్ 'హోమ్' అని ఉంది. గూగుల్ రిజల్ట్‌లో నీలం రంగులో పెద్దక్షరాలతో కనపడే లైన్ మామూలుగా అక్కణ్ణుంచే వస్తుంది. అక్కడ హోమ్ అని ఉంటే ఎవరు నొక్కుతారు చెప్పండి. దాని బదులు మీ షాపు పేరు, ఆత్రేయపురం పూతరేకులు, బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్, అన్ని ఊళ్లకి కొరియర్ అని పెట్టించండి. రెండోది, మీ రేట్లన్నీ ఒక పాంప్లెట్ ఫొటో తీసి అలాగే అతికించేశారు. బొమ్మలో ఉన్న రేటుని మనం చదువుకుంటాం గానీ గూగుల్ దాన్ని పేజీలో రాసిన అక్షరంలాగా పట్టించుకోదు, ఫోన్లో చూసేవాళ్లకి కూడా వేళ్లతో సాగదీస్తే తప్ప కనపడదు. రేట్లు టైపు చేసి పెట్టండి.

ఇక ఏం రాయాలి అంటారా, మీ షాపు ఫోన్ ఎత్తేది ఎవరో వాళ్లని అడగండి. రోజూ ఏం అడుగుతున్నారు? బెల్లంవా పంచదారవా, నెయ్యి ఏం వాడతారు, ఎన్నాళ్లు నిలవుంటాయి, కొరియర్లో పొడైపోతాయా, పెళ్లికి 500 బాక్సులు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మా అబ్బాయి అమెరికా పట్టుకెళ్తాడు ఎలా ప్యాక్ చేస్తారు. ఆ ప్రశ్నలు జనం నోటితో ఎలా అడుగుతారో అలాగే రాసి, కింద మీ జవాబు రాయండి. గూగుల్లో కొట్టేదీ అవే మాటలు. పేరు తెలియని వాళ్లు పేపర్ స్వీట్ అని వెతుకుతారు, ఆ మాట కూడా ఒక చోట పడాలి, అలాగని పేజీ నిండా పదిసార్లు దంచకండి, అది స్పామ్ కింద లెక్క. పేజీ కింద మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఫుడ్ లైసెన్స్, నంబరు 14 అంకెలూ వేయండి, షాపు అడ్రస్, ఫోన్ నంబరు కూడా. కొనేవాడికి నమ్మకం.

పూతరేకులు అనే ఒక్క మాటకి మొదటి పేజీలోకి రావాలన్న పంతం మాత్రం ఇప్పటికి వదిలేయండి. పెళ్లికి పూతరేకులు బల్క్ ఆర్డర్ అని కొట్టేవాళ్లు తక్కువే, కానీ కొట్టినవాడు కొనడానికే కొడతాడు.

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండల క్యాటరింగ్. గూగుల్ మ్యాప్‌ల పెట్టినం. పక్క గల్లీల ఇంకొకాయన మా తర్వాత షురూ జేసిండు, ఆయనదేమో ఫస్ట్ వస్తది, మాది కిందికి పోతది. ఆయన పేరు పక్కన బెస్ట్ క్యాటరర్స్ ఇన్ హన్మకొండ వరంగల్ కాజీపేట అని పెద్దగ పెట్టుకుండు. మేం గూడ అట్లనే పెట్టాల్నా? ఇంకోటి, రివ్యూ రాస్తే బిల్లుల తగ్గిస్తమని చెప్పుమంటున్నరు మా దోస్తులు, చెప్పాల్నా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ.

మ్యాప్‌లో ఎవరు పైకి రావాలనే దానికి గూగుల్ చెప్పేవి మూడే: వెతికినదానికి మీరు సరిపోతారా, వెతికేవాడికి ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. అందుకే నువ్వు నీ షాపులో కూర్చుని వెతికితే ఒకలా, కాజీపేట స్టేషన్ దగ్గర నిలబడి వెతికితే ఇంకోలా వస్తుంది. ఆయనది ఎప్పుడూ ఫస్ట్ అని నువ్వంటున్నావు గానీ నాలుగు చోట్ల నుంచి చూశావా? సుబేదారిలో ఉన్న మీ చుట్టాన్ని ఒకసారి కొట్టి చూడమను.

పేరు సంగతి. బోర్డు మీద ఏ పేరుందో మ్యాప్‌లోనూ అదే పెట్టాలనేది గూగుల్ రూలు. బెస్ట్ అనీ, ఊళ్ల పేర్లనీ తోకలు తగిలిస్తే కొన్నాళ్లు పైకి వచ్చిన మాట నిజమే, కానీ ఎవరైనా కంప్లయింట్ చేస్తే పేరు కత్తిరిస్తారు, ఒక్కోసారి లిస్టింగే సస్పెండ్ అవుతుంది. పెళ్లిళ్ల సీజన్లో సస్పెండ్ అయిందనుకో, మళ్లీ తెప్పించుకునేసరికి సీజన్ అయిపోతుంది. ఆయన పేరు నీకు ఇబ్బందిగా ఉంటే లిస్టింగ్ కిందే సజెస్ట్ ఎడిట్ అని ఉంటుంది, అసలు పేరు ఇదీ అని పంపొచ్చు. అక్కడితో వదిలెయ్, రోజూ ఆయన లిస్టింగ్ చూసుకుంటూ కూర్చోకు.

నీ లిస్టింగ్ చూశాను. మెయిన్ కేటగిరీ రెస్టారెంట్ అని పెట్టుకున్నావు! నీ దగ్గర కూర్చుని తినే చోటే లేదు కదా. క్యాటరర్ అని మార్చు, నా లెక్కలో నువ్వు కిందికి పోవడానికి ఇదే పెద్ద కారణం. టైమింగ్స్ ఖాళీగా ఉన్నాయి, నింపు. ఫొటోలు ఎక్కడో నెట్‌లోంచి దించినవి పెట్టావు, ఆ వెండి గిన్నెల బఫే మనది కాదని చూసేవాడికి తెలిసిపోతుంది. మీరు చేసిన పెళ్లిలోవి పెట్టు, అరిటాకు వేసి వడ్డించిన వరసది ఒకటి, బగారన్నం డేగిషాది ఒకటి, మీ వంటమాస్టర్లు పొయ్యి దగ్గర నిలబడింది ఒకటి. 50 మందికైతే ప్లేటు ఎంత నుంచి, 500 మందికైతే ఎంత నుంచి, అది కూడా రాయి. రేటు చెప్తే పార్టీ పారిపోతుందని భయపడతారు గానీ చెప్పకపోతే అసలు ఫోనే చేయరు చాలామంది.

రివ్యూలు. అడగడం తప్పు కాదు, తగ్గింపు ఆశ చూపించి రాయించుకోవడం గూగుల్ పాలసీకి విరుద్ధం, పట్టుకుంటే తీసేస్తారు. మన దేశంలో కూడా 2022 నవంబర్లో ఆన్‌లైన్ రివ్యూల కోసమని బీఐఎస్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఒక స్టాండర్డ్ తెచ్చింది, ఐఎస్ 19000 అంటారు, డబ్బులిచ్చి రాయించే రివ్యూల బెడద మీదే అది. అడిగే టైం మాత్రం ముఖ్యం. ఫంక్షన్ అయిన మర్నాడు గిన్నెలు తీసుకురావడానికి పోతారు కదా, పెళ్లికూతురు నాన్న మొహంలో ఇంకా ఆ సంబరం ఉంటుంది, అప్పుడే రివ్యూ లింకు వాట్సాప్‌లో పంపి ఏం వండామో ఎలా ఉందో రెండు ముక్కలు రాయమని అడుగు. నెల తర్వాత అడిగితే ఎవరికి గుర్తుంటుంది. ఎవరైనా పప్పుచారు చల్లారిపోయిందని రాస్తే కయ్యానికి పోకుండా ఒక లైన్లో జవాబివ్వు. చదివేవాళ్లు నీ జవాబే చూస్తారు.

ప్రశ్న: విజయవాడలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. ఒక ఏజెన్సీ వాళ్లు నెలకి 15 వేలు, 90 రోజుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ, 5,000 బ్యాక్‌లింకులు ఇస్తాం అన్నారు. మూడు నెలలు కట్టాను. రిపోర్ట్‌లో అన్నీ నంబర్ వన్ అనే చూపిస్తున్నారు, పేషెంట్లు మాత్రం పెరగలేదు. ఆపేస్తానంటే సైట్ కూడా ఆగిపోతుంది అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: డాక్టర్ గారూ, ఫస్ట్ ర్యాంక్ ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన పేజీల్లో రాసి పెట్టింది. ఇక గ్యారంటీ ఇచ్చి నంబర్ వన్ ఎలా చూపించారంటే, ఆ రిపోర్ట్‌లో ఏ మాటలకి నంబర్ వన్నో చూడండి. మీ క్లినిక్ పేరుకో, లేకపోతే 'విజయవాడ ఫలానా రోడ్డులో భుజం నొప్పి అడ్వాన్స్‌డ్ ఫిజియో సెంటర్' లాంటి ఈ భూమ్మీద ఎవరూ కొట్టని చాంతాడంత వాక్యానికో ఉంటుంది. గ్యారంటీ నిలబెట్టుకున్నట్టే, పేషెంట్ రానట్టే.

ఆ 5,000 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి మీ సైట్‌కి వచ్చే లింకులు, ఎక్కణ్ణుంచి వచ్చాయో కూడా అడగండి. 2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అని ఒక అప్‌డేట్ తెచ్చి, ఇలా కొని అతికించుకున్న లింకులతో పైకొచ్చిన సైట్లని కిందికి తోసేసింది. ఇప్పుడైతే చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు, మరీ మితిమీరితే సైట్ మీద చర్య కూడా ఉంటుంది. సెర్చ్ కన్సోల్లో మాన్యువల్ యాక్షన్స్ అనే చోట ఏమైనా ఉందేమో చూసుకోండి. మీకు నిజంగా పనికొచ్చే లింకు ఏంటంటే, మీ దగ్గరికి పేషెంట్లని పంపే ఆర్థోపెడిక్ హాస్పిటల్ సైట్లో మీ పేరు ఉండటం, మీరు క్యాంప్ పెట్టిన కాలేజీ వాళ్లు తమ పేజీలో రాయడం. అలాంటివి ఐదున్నా చాలు.

అసలు గొడవ సైట్ ఆగిపోతుంది అన్న మాట దగ్గర ఉంది. అంటే డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉంచే చోటు) వాళ్ల పేరు మీదున్నాయన్నమాట. ఇల్లు మీరు కట్టుకుని పట్టా మేస్త్రీ పేరు మీద పెట్టినట్టు ఇది. గొడవ పడకుండా, ఆపేస్తానని గట్టిగా అనకుండా, ముందు డొమైన్ మీ సొంత మెయిల్‌తో ఉన్న అకౌంట్‌కి మార్పించుకోండి. సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ (సైట్‌కి ఎవరొచ్చారో చూపించే లెక్క), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో కనపడే లిస్టింగ్), మూడింటిలోనూ ఓనర్ మీరే ఉండాలి, వాళ్లు మేనేజర్లుగా ఉంటే చాలు. సైట్ బ్యాకప్ ఒకటి తీసుకోండి. ఇవన్నీ చేతికొచ్చాక మిగతా మాటలు. డొమైన్ అసలే ఇవ్వనంటే కొత్త పేరు కొనుక్కుని, బిజినెస్ ప్రొఫైల్లో వెబ్‌సైట్ అడ్రస్ మార్చేయండి, మీలాంటి క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మ్యాప్ చూసి నేరుగా ఫోన్ చేసేవాళ్లే కాబట్టి మరీ మునిగిపోయేదేం లేదు.

బాగా పనిచేసే ఎస్ఈఓ వాళ్లు, అంటే సైట్‌ని గూగుల్లో పైకి తెచ్చే పని చేసేవాళ్లు, లేరని కాదు. ఉన్నారు, వాళ్లు గ్యారంటీ మాట ఎత్తరు. ఈ నెల ఏ పేజీ మార్చాం, ఎందుకు మార్చాం, ఏ సెర్చ్‌లకి క్లిక్‌లు పెరిగాయి అని చూపిస్తారు. ఇంకో మాట, గూగుల్‌కి యాడ్స్ డబ్బు కడితే మామూలు రిజల్ట్‌లో కూడా పైకి వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. మీ లిస్టింగ్ ఎక్స్‌పైర్ అవుతోంది, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టండి అని వచ్చే ఫోన్లు కూడా అంతే. ఆ లిస్టింగ్ ఫ్రీ.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను అన్నయ్యా. గూగుల్లో పెడితే ఇంటి అడ్రస్ అందరికీ కనపడుతుందని మా ఆయన వద్దంటున్నారు.

జవాబు: అడ్రస్ దాచేయొచ్చమ్మా. బిజినెస్ ప్రొఫైల్లో అడ్రస్ చూపించొద్దు అని పెట్టి, ఏయే ఏరియాలకి డెలివరీ ఇస్తారో అవి ఇవ్వండి, 20 దాకా ఇవ్వొచ్చు. వెరిఫికేషన్ కోసం గూగుల్‌కి మాత్రం అడ్రస్ చెప్పాలి, వీడియో కూడా అడగొచ్చు, జాడీలూ ప్యాకింగూ చూపించండి. బయటివాళ్లకి మాత్రం కనపడదని బావగారికి చెప్పండి.

ప్రశ్న: మాది పోచంపల్లి, మగ్గాలున్నయ్. చీరలు ఇన్‌స్టాల, వాట్సాప్‌ల అమ్ముతున్నం. వెబ్‌సైట్ ఎందుకు దండగ అంటున్నరు కొందరు. పెడితే తెలుగుల పెట్టాల్నా ఇంగ్లీషుల పెట్టాల్నా?

జవాబు: ఇన్‌స్టాలో అమ్మకం బాగుంటే దాన్ని వదలొద్దు. కానీ అక్కడ ఇవాళ పెట్టిన రీలు వారానికి అడుగున పడిపోతుంది. వెబ్ పేజీ అలా కాదు, ఒకసారి సరిగ్గా రాస్తే ఏళ్ల తరబడి మనుషుల్ని తెస్తూనే ఉంటుంది. పెద్ద సైట్, కార్ట్, పేమెంట్ గేట్‌వే ఇవన్నీ ఇప్పుడే అక్కర్లేదు. నాలుగు పేజీలు, ప్రతి పేజీలో వాట్సాప్ బటన్, చాలు.

భాష మాట. చీరలు కొనేవాళ్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఇక్కత్ అనే మాటనే మధ్యలో ఒక కె తో కొందరు, రెండు కె లతో కొందరు. ఇలాంటి స్పెల్లింగ్ తేడాలు గూగుల్ చాలావరకు సర్దుకుంటుంది, మీరు రెండూ ఒక్కోచోట వాడితే సరిపోతుంది. తెలుగులో కూడా ఒక పేజీ పెట్టండి, పోటీ తక్కువ. కానీ ఇంగ్లీషు పేజీని మెషీన్‌తో తెలుగులోకి తిప్పి పెట్టకండి, చదివితే నవ్వొస్తుంది. మీ అమ్మ చీర గురించి కొనేవాళ్లకి ఎలా చెప్తుందో అది ఫోన్లో రికార్డ్ చేసి రాసుకోండి.

అసలు మీ దగ్గర ఇంకెవరి దగ్గరా లేని సరుకొకటి ఉంది, అది చీర కాదు, మగ్గం. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే, ఆదివారం పిల్లల్ని వేసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. పోచంపల్లిలో మగ్గాలు ఎక్కడ చూడొచ్చు, ఏ రోజుల్లో పని నడుస్తుంది, నూలుకి ముడులు కట్టి రంగులద్దడం ఎలా చూపిస్తారు, కారు ఎక్కడ ఆపుకోవాలి అని ఒక పేజీ రాయండి. నూలుకి ముడులు కట్టే దగ్గర్నుంచి మగ్గం మీదికి ఎక్కేదాకా వరసగా ఓ ఎనిమిది ఫొటోలు, ప్రతి ఫొటో కింద ఒక లైను. పెద్ద సైట్ల వాళ్లు ఏ చీర ఎంతో రాయగలరు గానీ ఇది రాయలేరు. ఆ పేజీ చూసి వచ్చినవాళ్లు చీర కొనకుండా పోతారా అంటే, కొందరు పోతారు, పోనివ్వండి.

ప్రశ్న: అనంతపురంలో డ్రిప్ పరికరాల డీలర్‌ని సార్. మా అల్లుడు సైట్ చూసుకుంటాడు. ముందు రోజుకి 20 మంది వచ్చేవాళ్లు, ఇప్పుడు వేలల్లో వస్తున్నారని చూపిస్తాడు. ఒక్క రైతు కూడా ఫోన్ చేయట్లేదే?

జవాబు: మీ సైట్ చూశాను సార్. లేటరల్ పైపుల పేజీ పక్కనే ఈ వారం ఓటీటీ సినిమాలు అని పోస్టులున్నాయి! ఆ వేలమంది సినిమా కోసం వచ్చి, చూసి, పోయినవాళ్లు. వాళ్లకి డ్రిప్పర్‌తో ఏం పని. అల్లుడు తెలివైనవాడే, ట్రాఫిక్ తేవడం తెలుసు, తెచ్చింది మాత్రం మనకి పనికొచ్చేది కాదు.

ఇంకొంత ట్రాఫిక్ అసలు మనుషులది కూడా కాకపోవచ్చు. అనలిటిక్స్‌లో దేశాల వారీగా చూడమనండి. ఎక్కడో ఊరూ పేరూ లేని చోట నుంచి వందలమంది వచ్చి ఒక్క సెకను కూడా ఉండకుండా పోతే అవి బాట్లు. పదివేల విజిటర్లు ఇంత రేటు అని అమ్మేవాళ్లు అమ్మేది అదే.

మీకు కావలసింది రోజుకి 20 మందే, వాళ్లు రైతులైతే. చీనీ తోటకి ఎకరాకి డ్రిప్ ఖర్చెంత, వేరుశనగకి స్ప్రింక్లరా డ్రిప్పా, డ్రిప్పర్లు మూసుకుపోతే యాసిడ్ ట్రీట్‌మెంట్ ఎలా, ఏపీఎంఐపీ (రాష్ట్ర సూక్ష్మ సేద్య పథకం) సబ్సిడీకి ఏ కాగితాలు కావాలి, మీ దగ్గర ఏ కంపెనీల స్పేర్లు దొరుకుతాయి. ఇవి రాయమనండి, తెలుగులో. సబ్సిడీ రూల్స్ మారుతుంటాయి కాబట్టి పేజీ పైన ఏ నెలలో రాశారో వేయాలి, పాతది అలాగే వదిలేస్తే రైతు వచ్చి మీ మీదే గొడవ పడతాడు. సినిమా పోస్టులు తీసేయండి, అంత ఇష్టమైతే అల్లుడు వేరే సైట్ పెట్టుకుంటాడు. విజిటర్ల లెక్క పడిపోతుంది, కంగారు పడకండి, కాల్ బటన్ ఎంతమంది నొక్కారో అది లెక్కపెట్టమనండి.

ప్రశ్న: నెల్లూరులో స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ మాది. ఏఐతో 200 ఆర్టికల్స్ రాయించి పెట్టాం, కొన్నాళ్లు వ్యూస్ వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు గూగుల్ పైనే ఏఐ జవాబు ఇచ్చేస్తోంది కదా, ఇక ఎస్ఈఓ అయిపోయినట్టేనా?

జవాబు: ఏఐతో రాశారని గూగుల్ శిక్షించదు. ఎవరికీ పనికిరానివి గుట్టలుగా పోస్తే పట్టుకుంటుంది, 2024 మార్చిలో స్పామ్ పాలసీ మార్చి ఈ సంగతి నేరుగానే రాశారు. మనిషి రాసినా మెషీన్ రాసినా ఒకటే రూలు. మీ 200 చదివాను అని చెప్పను, ఓ పది చదివాను, టెన్సులు పన్నెండు అని పదింటిలోనూ ఉంది.

ఏఐ జవాబుల సంగతంటారా, 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా పైన కనపడుతున్నాయి, వాటివల్ల టెన్సులంటే ఏంటి లాంటి ప్రశ్నలకి సైట్లోకి వచ్చేవాళ్లు తగ్గుతారు. తగ్గనివ్వండి, వాళ్లెవరూ మీ క్లాసులో చేరేవాళ్లు కాదు. నెల్లూరులో సాయంత్రం బ్యాచ్ ఉందా, గృహిణులకి వేరే క్లాసుందా, ఫీజెంత, ట్రంకు రోడ్డు నుంచి ఎంత దూరం అన్నదానికి జవాబు మీ దగ్గర తప్ప ఏ ఏఐ దగ్గరా లేదు. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క చూపిస్తుంది, అందులో ఒక్క క్లిక్ కూడా రాని ఆర్టికల్స్ తీసేయండి. ఈలోగా ఫీజుల పేజీ సంగతి చూడండి, అక్కడింకా 'కమింగ్ సూన్' అనే ఉంది.